బెంగళూరులో మన యువత, భవిష్య నిధి

మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన యువకులు రెండు మూడేళ్లకు ఒకసారి కంపెనీ మారడం సాధారణమైపోయింది. మారిన ప్రతిసారీ పాత పీఎఫ్‌ను (భవిష్య నిధి సొమ్మును) తీసి బైక్‌కో, గది అడ్వాన్సుకో ఖర్చు పెట్టడం కూడా అంతే మామూలైంది. అనంతపురం నుంచి వచ్చి మా పక్క గదిలో ఉంటున్న తమ్ముడు ఇటీవల, "అన్నా, ఆ డబ్బు అక్కడే ఉంటే నాకేం లాభం?" అని అడిగాడు. ఈ ప్రశ్నకు సరైన సమాధానం మొదటి ఉద్యోగంలోనే తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

మూలవేతనం, కరువు భత్యం కలిపి 15,000 రూపాయలు ఉన్న వ్యక్తి జీతం నుంచి 12 శాతం, అంటే 1,800 రూపాయలు, పీఎఫ్‌లో జమ అవుతాయి. యాజమాన్యం కూడా అంతే చెల్లిస్తుంది గానీ అందులో 1,250 రూపాయలు పెన్షన్ పథకానికి వెళ్లి, మిగిలిన 550 మాత్రమే పీఎఫ్‌లో చేరతాయి. పాస్‌బుక్‌లో పెన్షన్ భాగానికి వడ్డీ కనిపించకపోవడం చూసి చాలామంది కంగారు పడతారు. అది వడ్డీ మీద పెరిగే సొమ్ము కాదు. సర్వీసు కాలాన్ని బట్టి 58 ఏళ్ల నుంచి నెలనెలా అందే పెన్షన్‌కు ఆధారం. దానికి కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. 15,000 వేతనంపై పదేళ్ల సర్వీసుకు వచ్చేది నెలకు సుమారు 2,140 రూపాయలే కాబట్టి, వృద్ధాప్యానికి అదొక్కటే చాలదని ఇప్పుడే గ్రహించడం మంచిది. 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి చేరి, అప్పటికే 15,000కు మించిన వేతనం ఉన్నవారికి ఈ పెన్షన్ వర్తించదు. వారి విషయంలో యాజమాన్యం వాటా మొత్తం పీఎఫ్‌లోకే రావాలి. ఐటీ ఉద్యోగుల్లో చాలామందిది ఇదే పరిస్థితి కాబట్టి, వారికి పీఎఫ్ నిల్వే ముఖ్యమైన ఆధారం.

ఆ నిల్వకు 2023-24లోనూ, 2024-25లోనూ 8.25 శాతం వడ్డీ ప్రకటించారు. ఇదే రేటు కొనసాగుతుందనుకుంటే, 25 ఏళ్ల వయసులో కదిలించకుండా వదిలిన లక్ష రూపాయలు 58 ఏళ్ల నాటికి 13 లక్షలు దాటుతాయి. ధరలు కూడా పెరుగుతాయన్నది నిజమే, అయినా బైక్ విలువ మాత్రం ఇలా పెరగదు. పైగా అయిదేళ్ల సర్వీసు నిండకుండా మొత్తం తీసేస్తే పన్ను పడుతుంది. ఆ సొమ్మును కొత్త కంపెనీ పీఎఫ్ ఖాతాకు బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా ఆ లెక్కలో కలుస్తుంది.

అయితే అవసరానికి తీసుకున్న వారిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. యాజమాన్యం వాటాను 58 ఏళ్ల వరకు తీసుకోకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చినప్పుడు, ఏప్రిల్‌లో ఇదే నగరంలో వేలాది మంది గార్మెంట్ కార్మికులు, అత్యధికులు మహిళలు, రోడ్ల మీదికి వచ్చారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తక్కువ జీతంతో బతికేవారికి కష్టకాలంలో ఆ సొమ్మే దిక్కు. చికిత్సకు, పెళ్లికి, ఇంటికి పాక్షికంగా తీసుకునే వీలుంది కాబట్టి, ఖాతా మూసేయకుండానే అవసరం గడుపుకోవచ్చు.

పీఎఫ్ బదిలీలో మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరుతోనే వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కంపెనీ రికార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది; రెండూ కలవక దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. 12 అంకెల యూఏఎన్ (ఏ కంపెనీకి మారినా సభ్యుడికి ఉండే పీఎఫ్ గుర్తింపు నంబరు) ఒక్కటే ఉందో లేదో, పాత కంపెనీ నిష్క్రమణ తేదీ నమోదు చేసిందో లేదో కూడా ఉద్యోగం మానిన కొత్తలోనే చూసుకోవాలి. ఏళ్లు గడిచాక ఆ కంపెనీలో అడిగితే పలికేవారు ఉండకపోవచ్చు.

మనం మరణిస్తే సొమ్ము ఎవరికి చెందాలో రాసిచ్చే నామినేషన్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు, అదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు, మళ్లీ ఇవ్వాలి. ఉద్యోగంలో ఉండగా సభ్యుడు మరణిస్తే పీఎఫ్‌తో ముడిపడిన బీమా పథకం కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు అందుతాయి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు గానీ, భార్యకు గానీ ఈ సంగతీ, యూఏఎన్ నంబరూ తెలిసేలా ఈ నెలలోనే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.