ఇంగ్లిష్ విభాగంలో సిలబుల్స్: నా ప్రిపరేషన్ అనుభవం

ఫలితాలు వెలువడినప్పటి నుంచి తోటి అభ్యర్థులు ఇంగ్లిష్ విభాగం ఎలా చదివానని అడుగుతున్నారు. గ్రామర్, పాసేజీలు అందరిలాగే చదివాను, వాటిపై కొత్తగా చెప్పేదేమీ లేదు. నన్ను గట్టెక్కించింది చాలామంది చివరికి వదిలేసే సిలబుల్ విభజన, అంటే మాటను ఒక్కో అచ్చు ధ్వని ఉండే పలుకు ముక్కలుగా విడదీయడం.

రాతలోని అచ్చు అక్షరాలను కాక, పలుకులో వినిపించే అచ్చు ధ్వనులను లెక్కించాలన్నది ఇందులో మూల సూత్రం. అయితే హల్లుతో ముగిసే మాటకు ఉకారం చేర్చి ‘బస్’ను ‘బస్సు’గా పలకడం మనకు అలవాటు కనుక, ఒకే సిలబుల్ ఉన్న మాట మన చెవికి రెండుగా వినిపిస్తుంది. గడ్డం కింద చెయ్యి పెట్టి, మాట పలికేటప్పుడు గడ్డం ఎన్నిసార్లు కిందికి కదిలిందో లెక్కపెట్టుకోమనే చిట్కా మీద నాకు నమ్మకం లేదు. పలుకు తప్పయితే గడ్డం చెప్పే లెక్కా తప్పే. నిఘంటువులోని ఉచ్చారణను విని, దానితో పాటు పైకి పలకడమే మేలు. ‘వాక్డ్’ ఒకే సిలబుల్ అనీ, ‘వాంటెడ్’ రెండనీ, క్రియ టి లేదా డి ధ్వనితో ముగిసినప్పుడే చివర చేరే భూతకాలపు ‘ఇ-డి’ ప్రత్యయం విడి సిలబుల్ అవుతుందనీ అలాగే చెవికి పట్టుబడింది.

అసలు మలుపు ఒక సాయంత్రం స్పెల్లింగ్ దగ్గర వచ్చింది. ‘రిఫర్’లో స్ట్రెస్ (పలుకులో ఊనిక) రెండో సిలబుల్ మీద ఉంటుంది కాబట్టి ‘రిఫరింగ్’లో ఆర్ రెండుసార్లు రాయాలి, ‘రెఫరెన్స్’లో స్ట్రెస్ మొదటి సిలబుల్‌కు జరగడంతో ఒక్క ఆర్ చాలు. చివరి సిలబుల్‌లో ఒకే అచ్చు అక్షరం, దాని తర్వాత ఒకే హల్లు ఉండి, స్ట్రెస్ కూడా అక్కడే పడితే ‘ఇంగ్’ చేరినప్పుడు ఆ హల్లు రెట్టింపవుతుంది. ‘బిగినింగ్’లో ఎన్ రెండుసార్లు, ‘విజిటింగ్’లో టి ఒక్కసారే ఎందుకు వస్తాయో ఆ సాయంత్రం ఒకేసారి తెలిసిపోయింది. నెలల తరబడి బట్టీ పట్టిన స్పెల్లింగుల జాబితాను ఆ తర్వాత తెరవలేదు. స్ట్రెస్ చివరి సిలబుల్ మీద లేకున్నా ఎల్ రెండుసార్లు రాసే బ్రిటిష్ పద్ధతిలోని ‘ట్రావెలింగ్’ లాంటి మినహాయింపులు మాత్రం విడిగా రాసుకున్నాను.

ఇంత చిన్న అంశానికి రోజూ గంట కేటాయించడమేమిటని కొందరు ఎగతాళి చేశారు. గంటసేపు పైకి చదివే ఓపిక లేనివారు మార్కుల గురించి బెంగపడటంలో అర్థం లేదని నేను ఇప్పటికీ అంటాను.

ఉచ్చారణకు ఒక విభజన, స్పెల్లింగ్‌కు మరో విభజన ఉంచుకోండి. బుధవారానికి ఇంగ్లిష్ మాట రాసేటప్పుడు మనసులో ‘వెడ్-నెస్-డే’ అనుకుంటే డి జారిపోదు; సిలబుల్స్ ఎన్ని అని అడిగితే మాత్రం ‘వెన్జ్-డే’ అని పలికి, రెండు అని గుర్తించాలి.