బాసర మొక్కు తీరింది

నిన్ననే బాసర నుంచి వచ్చాం. బాబు పలకకు అంటిన పసుపు ఇంకా పోలేదు, నేనే కడగనివ్వలేదు.

ఈ మొక్కు 2020 నాటిది. మార్చి 22న, జనతా కర్ఫ్యూ రోజు, రైళ్లు ఆగిపోయాయి. మా ఆయన మహారాష్ట్రలోని భీవండిలో మగ్గాల దగ్గర, నేను హన్మకొండలో నెలలు నిండి. ఏప్రిల్‌లో బాబు పుట్టాడు. తండ్రి ఫోన్లోనే చూశాడు. మే 1న మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలతో మొదటి రైలు కదిలిందని టీవీలో చూసి ఏడుపు ఆగలేదు. మావాడి తండ్రికి బండి ఎప్పుడు? ఆయన క్షేమంగా వచ్చి బిడ్డను ఎత్తుకుంటే అక్షరాభ్యాసం జ్ఞాన సరస్వతమ్మ ముందేనని ఆ రాత్రే మొక్కుకున్నా. అమ్మ విన్నది. ఆయన ఎట్లా వచ్చాడన్నది పెద్ద పురాణం, ఇప్పుడొద్దు.

వసంత పంచమికి పోదామని కాజీపేటలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. జనరల్ బోగీలో కాలు పెట్టే జాగా లేదు. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ తలుపు దగ్గర సంచి మీదే కూలబడింది. కిటికీ పక్కనున్న పెద్దాయన లేచాడు. "రా చెల్లె, ఈడ కూసో." ఆయనకే ఎనభై ఉంటాయి. వద్దంటే వినలేదు. "బడిల చరిత్ర చెప్పిన. నిలబడుడే గదా నా కొలువు!"

మా కథ విని, "రైలు ఆపుడు కొత్త గాదు బిడ్డా. ప్లేగు నాడు టేషన్లల్ల మనుషులను దింపి డాక్టర్లు చూసెటోళ్లు. అప్పటి 1897 అంటురోగాల చట్టమే కరోనాకు గూడ తీసిన్రు. లడాయిల, 1942ల, ప్రయాగ కుంభమేళాకు టికెట్లే అమ్మలే, జపానోడు బాంబులేస్తడని" అన్నాడు.

"గత్తర భయం గూడ ఉండొచ్చు" అంది అత్తమ్మ, కలరాను తలచుకుని.

"జాతరంటే సర్కారుకు ముందుగాల గత్తరే యాదికొస్తది చెల్లె. నీకు సగం టికెట్ ఉండె, ముసలోళ్లు ఇల్లు కదలొద్దని 2020 మార్చిల బంద్ పెట్టిన్రు. రోగం పోయింది, రాయితీ రాలే."

సికింద్రాబాద్ దాకా నిలబడే వచ్చాడు. దిగేటప్పుడు బాబు చేతిలో ఒక బలపం పెట్టాడు. పేరైనా అడగలేదు మేం.

బాసరలో క్యూలోనే తెల్లారింది. పిల్లల ఏడుపులు, తోపులాట. పక్క దారిన పాసులవాళ్లు చకచకా పోతుంటే అమ్మ పేరు తలవాల్సిన నోట తిట్లు వచ్చాయి. గర్భగుడి ముందు "జరగండి, జరగండి" అని తోస్తూనే ఉన్నారు. ఆ సందులోనే కనబడింది అమ్మ: పసుపు పూసిన ముఖం, దీపం వెలుగులో ఆ కళ్లు. ఏం అడగాలో మరిచిపోయాను. అడిగేదేముంది, ఇచ్చేసింది కదా.

మంటపంలో మావాడు తండ్రి ఒళ్లో కూర్చుని రైల్లో సార్ ఇచ్చిన బలపమే కావాలని మొండికేశాడు. వాడి గుప్పిటను తన గుప్పిట్లో పెట్టుకుని ఆయన పలక మీద ఓం దిద్దించాడు. మగ్గం మీద ఎన్నడూ వణకని చెయ్యి అది, సున్నా వంకర పోయింది.

తిరుగు రైల్లో అత్తమ్మ మెల్లగా బయటపెట్టింది. కొడుకు రావాలని ఆమె కూడా అప్పుడే వేములవాడ రాజన్నకు కోడె మొక్కిందట. ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదు! అక్కడికి రైలు లేదు, కరీంనగర్ మీదుగా బస్సే. శివరాత్రి జనం తగ్గాక పోదామన్నాను.