ఎన్ని రోజులు తప్పింది?

ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అయింది. ఆఖరి రోజు ఇంటికి రాగానే అందరూ గండం గడిచిందన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాతి వారం డాక్టరు గారు ఒక చిన్న మాత్ర రాశారు. లెట్రోజోల్, 2.5 మిల్లీగ్రాములు, రోజుకొకటి, కనీసం ఐదేళ్లు. ఇంత తట్టుకున్నదాన్ని, ఈ మాత్ర ఒక లెక్కా అనిపించింది.

నాది హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ రకం. రొమ్ము క్యాన్సర్లు పది ఉంటే ఏడెనిమిది ఈ రకమే. ఈస్ట్రోజెన్ అందితే ఆ కణాలు పెరుగుతాయి. ముట్లుడిగాక అండాశయాలు దాన్ని తయారుచేయడం మానినా, ఒంట్లోని కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుంది. నా మాత్ర ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ముట్లు ఆగని వారికి ఎక్కువగా టామాక్సిఫెన్ ఇస్తారు. ఇవన్నీ డాక్టరు గారు ఓపికగా చెప్పారు. కీళ్ల నొప్పుల గురించి కూడా చెప్పే ఉంటారు, నా చెవికెక్కలేదు.

మూడో నెలలో మొదలయ్యాయి. పొద్దున్న లేచేసరికి వేళ్లు కొయ్యబారి ఉండేవి. మంచం దిగి నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవాలి. మాత్రను రేకులోంచి బయటికి నొక్కాల్సింది బొటనవేలితో. అన్నిటికంటే ఎక్కువ నొప్పి ఆ బొటనవేలికే. రేకును బల్ల అంచుకు ఆనించి చెంచా కాడతో నొక్కేదాన్ని. ఒక్కోసారి మాత్ర విరిగి సగం కింద పడేది. వంగి ఏరుకోవాలంటే మోకాళ్లు సహకరించేవి కావు. రాత్రుళ్లు ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిర్లు, దిండు తడిసిపోయేది.

రెండో ఏడాదిలో ఒక రోజు మాత్ర మరిచిపోయాను. మర్నాడు కావాలనే వేసుకోలేదు. అలా ఏడు వారాలు. మూడో వారం దాటాక వేళ్లు కాస్త వదులయ్యాయి. ఆ హాయికి నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. మావారు రోజూ "మాత్ర వేసుకున్నావా?" అని అడిగేవారు. "ఆఁ" అనేదాన్ని. ఆయన అడిగింది ప్రేమతోనే. కానీ ఆ ప్రశ్నకు "ఆఁ" తప్ప ఇంకో జవాబు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాతి పరీక్షల రోజున ఒక నర్సు నా ఫైలు తెరిచి, "అమ్మా, పోయిన నెలలో ఎన్ని రోజులు మాత్ర తప్పింది?" అన్నారు. వేసుకుంటున్నారా అని కాదు, ఎన్ని రోజులు తప్పింది అని. అందరికీ తప్పుతుంది, మీకెంత అన్నట్టుగా ఉంది ఆ గొంతు. "ముప్పై" అన్నాను. ఆవిడ కోప్పడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ మెల్లగా వంచి చూసి, "పొద్దున్న ఎంతసేపు ఇలా ఉంటాయి?" అని అడిగారు. అప్పటిదాకా నన్నెవరూ ఆ మాట అడగలేదు.

ఆ రోజే డాక్టరు గారితో అరగంట కూర్చున్నాం. ఈ మందులు వాడేవారిలో సుమారు సగం మందికి కీళ్ల నొప్పులు వస్తాయట. మధ్యలో మానేసేవారు చాలామంది, అందుకు ఈ నొప్పులే పెద్ద కారణమట. అయినా ఎందుకు వాడాలో కూడా చెప్పారు. ఈ రకం క్యాన్సర్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టగలదు. ఐదేళ్లు టామాక్సిఫెన్ వాడినవారిలో 15 ఏళ్ల కాలానికి రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. నాకిచ్చిన తరహా మందులు ముట్లుడిగినవారికి అంతకంటే కాస్త మెరుగు. ఒకటి పడకపోతే అదే తరహాలో మరొకటి పడవచ్చని ఎక్సిమెస్టేన్‌కు మార్చారు, 25 మిల్లీగ్రాములు, భోజనం తర్వాత. విటమిన్ డి, ఎముకల సాంద్రత పరీక్షలు రాశారు.

వాటితో పాటు వారానికి 150 నిమిషాల నడక, రెండుసార్లు బరువులతో వ్యాయామం. నడవడానికే గోడ పట్టుకునే మనిషికి నడక రాస్తారా అని నొచ్చుకున్నాను. ఇలా చేసినవారిలో ఏడాదికి నొప్పి దాదాపు 30 శాతం తగ్గిందని 2015లో ఒక అధ్యయనం వచ్చిందని చెప్పారు. మొదటి రోజు ఆరు నిమిషాలు నడిచాను. నొప్పి పూర్తిగా పోలేదు, ఇప్పటికీ ఉంది. కానీ గంటసేపు బిగుసుకుని ఉండే వేళ్లు ఇప్పుడు పావుగంటలో తెరుచుకుంటున్నాయి.

యోని పొడిబారడం గురించి నోరు విప్పడానికి నాకు ఇంకో మూడు అపాయింట్‌మెంట్లు పట్టింది. హార్మోన్ లేని జెల్‌లు ఉన్నాయి, వాడుకోవచ్చు. ఈస్ట్రోజెన్ ఉన్న క్రీములు మాత్రం క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకూడదు. టామాక్సిఫెన్ వాడుతున్నవారు దిగులుకు మందు తీసుకోవాల్సి వస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. పారోక్సిటీన్, ఫ్లూయోక్సిటీన్ లాంటివి దాని పనితనాన్ని తగ్గించవచ్చు.

నర్సు అడిగిన ఆ రోజు సాయంత్రమే మావారికి ఏడు వారాల సంగతీ చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆయన ప్రశ్న మారింది. "ఇవాళ వేళ్లెలా ఉన్నాయి?" అంటారు. ప్రతి ఆదివారం ఏడు గళ్ల డబ్బా ముందు పెట్టుకుని, రేకులోంచి వారానికి సరిపడా మాత్రలు తానే నొక్కి, గడికొకటి వేసి మూత పెడతారు.

ఇప్పుడు నాలుగో ఏడాది. నాతో పాటే రేడియేషన్‌కు వచ్చిన ఒక చెల్లెలు మొన్న ఫోను చేసింది. పిల్లల కబుర్లన్నీ చెప్పింది, అంతా బాగుందంది. పెట్టేయబోతుంటే ఆపి, "ఈ నెల ఎన్ని రోజులు తప్పిందమ్మా?" అన్నాను.

కాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"పన్నెండు అక్కా."

"చేతులా, నిద్రా?" అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.