బైపీసీ పిల్లలకు ఫిజిక్స్‌లో ఏ లెక్కలు కావాలి?

మా తమ్ముడు ఈ ఏడు నల్లగొండలో ఇంటర్ బైపీసీలో చేరాడు. బోటనీ, జువాలజీ హాయిగా చదువుతున్నాడు, టెన్షనంతా ఫిజిక్స్ దగ్గరే. "అక్కా, మా గ్రూపులో మ్యాథ్సే లేదు కదా, మరి ఈ డీఎక్స్ బై డీటీ మాకెవరు చెప్తారు? ఫిజిక్స్ వదిలేసి మిగతావి గట్టిగా చదువుకోనా?" అని ఫోన్‌లో ఒకటే గోల.

వదిలేయడం కుదరదు. నీట్‌లో 720 మార్కులకు 180 ఫిజిక్స్‌వే. నేనూ బైపీసీ నుంచే వచ్చాను కాబట్టి వాడి భయం నాకు తెలుసు. ఎంపీసీ వాళ్లకూ మనకూ ఫిజిక్స్ పాఠాలు ఒకటే. కానీ ఈ డీఎక్స్ బై డీటీ లెక్కలు, అంటే డిఫరెన్షియేషన్, వాళ్లకు మ్యాథ్స్ వన్-బీలో చివరి పాఠాల్లో గానీ రాదు. ఫిజిక్స్‌లో మాత్రం సరళరేఖా చలనం దగ్గరే, అంటే కాలేజీ మొదలైన కొత్తలోనే దాంతో పని పడుతుంది. అప్పటికి వాళ్లకూ అది కొత్తే.

వాడికి ముందుగా గ్రాఫ్ గీయమన్నాను. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. ఒక బస్సు సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతోంది. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కితే ఆ వేగం ప్రతి సెకనుకూ 2 చొప్పున పెరుగుతూ పోయింది. 4 సెకన్లలో ఎంత దూరం పోయింది? గీత కింద వైశాల్యమే దూరం. అడుగున దీర్ఘచతురస్రం: 5 × 4, ఇరవై. దాని మీద త్రిభుజం: భూమి 4, ఎత్తు 8 (4 సెకన్లలో పెరిగిన వేగం, 2 × 4), గుణించి సగం చేస్తే పదహారు. మొత్తం 36 మీటర్లు. అందరూ బట్టీ పట్టే 'యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్' ఇదే, ఆ 'హాఫ్' త్రిభుజం వైశాల్యంలోని సగమే! ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. దూరానికీ కాలానికీ గ్రాఫ్ గీస్తే దాని వాలే డీఎక్స్ బై డీటీ. ఫస్ట్ ఇయర్‌కు డిఫరెన్షియేషన్ చాలావరకు ఈ వాలు దగ్గరే తేలిపోతుంది.

తర్వాత వాలు తలం. వాలు వెంట కిందికి లాగే బలం కోసం బరువును కోణం సైన్‌తో గుణించాలా, కాస్‌తోనా? కాపురాల గుట్ట వాలు తగ్గి తగ్గి చదునైపోయిందనుకోండి, కోణం సున్నా. అక్కడ పెట్టిన బండరాయి జారదు. కాస్ సున్నా ఒకటి కాబట్టి కాస్ రాస్తే చదును నేల మీద రాయి దానంతటదే కదలాలి. సైన్ సున్నా సున్నానే. కాబట్టి సైన్. పరీక్ష హాల్లో కూడా ఇలా సరిచూసుకోవడానికి పది సెకన్లు చాలు.

త్రికోణమితి, వైశాల్యాలు పదో తరగతిలో చదివినవే. ఇంకా కావాల్సింది సమీకరణంలో పదాలను అటూ ఇటూ మార్చడం, 10కి ఘాతాలు (10², 10⁻³ లాంటివి). నీట్‌లో క్యాలిక్యులేటర్ ఉండదు. అందుకే వాడు ఈ ఆదివారం ఇంటికొస్తే ముందు రుణ ఘాతాల లెక్కలే చేయిస్తాను. నేను చూసినంతవరకు బైపీసీ పిల్లల మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.