కొరత ఎవరి చేతిలో ఉంది? కటాన్, అగ్రికోలా, పవర్ గ్రిడ్

ఊళ్లు కట్టడం, పొలం దున్నడం, విద్యుత్ కేంద్రాలు నెలకొల్పడం వంటి పనుల చుట్టూ అల్లిన బోర్డు ఆటలను పోల్చేటప్పుడు చాలామంది ముందుగా ఆట ఎంతసేపు పడుతుంది, నియమాలు ఎంత చిక్కుగా ఉన్నాయి అని అడుగుతారు. ఒక్కొక్క ఆటా నేర్చుకుంటూ వచ్చిన కొద్దీ నాకు వేరే ప్రశ్న ఎక్కువ పనికివచ్చింది. నాకు కావలసిన సరుకు నాకు అందకుండా అడ్డుపడుతున్నది ఎవరు? కటాన్‌లో పాచికలు, అగ్రికోలాలో పక్కవాడు, పవర్ గ్రిడ్‌లో ధర. ఈ తేడా పట్టుబడ్డాక నియమాల పుస్తకంలో ఏ పేజీ శ్రద్ధగా చదవాలో, దేన్ని ఆడుతూ ఆడుతూ తెలుసుకోవచ్చో తేలిగ్గానే తెలిసిపోతుంది.

కటాన్‌ను క్లౌస్ టాయ్‌బర్ రూపొందించగా అది 1995లో జర్మనీలో వెలువడింది, ఆ ఏడాదే అక్కడి ప్రతిష్ఠాత్మకమైన ‘ష్పీల్ డెస్ యారెస్’ పురస్కారాన్ని అందుకుంది. ఆరు మూలల పలకలు 19 పేర్చి ద్వీపాన్ని తయారుచేస్తాం. వాటిలో అడవి, పచ్చిక, పంటపొలం నాలుగేసి, ఇటుకల మట్టి, ఖనిజపు కొండలు మూడేసి, ఎడారి ఒక్కటే. ఎడారి తప్ప ప్రతి పలక మీదా ఒక అంకె ఉంటుంది, రెండు పాచికల మొత్తం ఆ అంకె అయినప్పుడు దాని అంచున ఊరున్నవారికి సరుకు అందుతుంది. పాచికలు పడే తీరు 36 రకాలు కాగా 6 గానీ 8 గానీ పడే అవకాశం అయిదేసి, 2 గానీ 12 గానీ పడే అవకాశం ఒక్కొక్కటే. అందుకే అంకె కింద అన్నేసి చిన్న చుక్కలు ముద్రించి ఉంటాయి. నేర్చుకునేవారు ముందుగా చూడవలసినవి ఆ చుక్కలే. 8, 5, 10 కలిసే మూల మీద ఊరు పెడితే చుక్కలు పన్నెండు, అంటే ఎవరు వేసినా సరే, సగటున మూడుసార్లు పాచికలు వేస్తే ఒకసారి మనకు ఏదో ఒకటి వస్తుంది.

అయితే ఆ ‘ఏదో ఒకటి’ మనకు అవసరమైనదే కావాలన్న నియమమేమీ లేదు. రోడ్డుకు ఇటుక, కలప కావాలి. ఊరికి వాటితోపాటు ఉన్ని, ధాన్యం కూడా కావాలి. ఊరిని నగరంగా మార్చాలంటే మూడు ఖనిజాలు, రెండు ధాన్యాలు పెట్టాలి. లేనిదాన్ని బ్యాంకు దగ్గర మార్చుకుంటే నాలుగింటికి ఒకటి ఇస్తారు, రేవు మీద ఊరుంటే మూడింటికో రెండింటికో ఇస్తారు. ఆ నష్టం భరించలేకే మనుషులు ఒకరితో ఒకరు బేరానికి దిగుతారు, కటాన్ ప్రాణమంతా ఆ బేరంలోనే ఉంది. మా బావ లెక్కలు వేయడు, చుక్కలు చూడడు. “ఒక్క ఇటుక ఇయ్యి బామ్మర్దీ, రెండు గొర్రెలు తీసుకో, ఈ వానకి అవి నా దగ్గరుంటే తడిసిపోతాయి” అంటూ బల్ల చుట్టూ ఉన్న అందరినీ నవ్విస్తూనే తనకు కావలసింది రాబట్టుకుంటాడు. కటాన్ అటువంటివారి ఆట. గెలుపుకు కావలసిన పది పాయింట్లకు దగ్గరైనవారితో బేరం మానేయడం కూడా మనుషుల నిర్ణయమే, నియమాలలో ఆ మాట ఎక్కడా రాసి ఉండదు.

ఊవె రోజెన్‌బెర్గ్ రూపొందించిన అగ్రికోలా 2007లో వచ్చింది. పదిహేడో శతాబ్దపు మధ్య ఐరోపాలో ఒక రైతు దంపతులకు రెండు గదుల చెక్క ఇల్లు, పదిహేను గడుల కమతం ఉంటాయి. ఆట పద్నాలుగు రౌండ్లు. ప్రతి రౌండులోనూ కుటుంబంలోని ఒక్కొక్కరిని ఒక్కొక్క పని గడిలో పెడతాం, ఒకరు ఆక్రమించిన గడిలోకి ఆ రౌండులో మరొకరు రాలేరు. ఇక్కడ పాచికలు లేవు. అడవి గడిలో రౌండుకు మూడేసి కలప ముక్కలు పోగవుతుంటాయి, ఎవరూ తీయకపోతే ఆరు, తొమ్మిది అవుతాయి, అందరి కళ్లూ వాటి మీదే ఉంటాయి. నేను రెల్లు తీసుకుని వచ్చేలోపు ఎదుటివారు ఆ తొమ్మిదీ ఎత్తుకుపోతారు. వాళ్లు నా మీద కక్షతో తీశారో, వాళ్ల అవసరానికే తీశారో చెప్పడం కష్టం, ఆ అనుమానమే ఆటను వేడిగా ఉంచుతుంది.

రెండో ఒత్తిడి కడుపుది. 4, 7, 9, 11, 13, 14 రౌండ్ల చివర కోత వస్తుంది, అప్పుడు ఇంట్లో ప్రతి ఒక్కరికీ రెండేసి ఆహారపు బిళ్లలు చెల్లించాలి. ఎన్ని తక్కువైతే అన్ని బిచ్చపు కార్డులు తీసుకోవాలి, ఒక్కో కార్డుకు మూడు పాయింట్లు పోతాయి. కోతల మధ్య విరామం నాలుగు రౌండ్లతో మొదలై మూడుకు, రెండుకు, చివరికి ఒక్క రౌండుకు కుదించుకుపోతుంది. తొలి కోతకు కావలసిన నాలుగు బిళ్లల్లో రెండో మూడో మొదట్లోనే చేతికి ఇస్తారు కాబట్టి కొత్తవారికి భయం వేయదు. తొమ్మిదో రౌండు వచ్చేసరికి విత్తనానికి దాచిన గింజను తినాలా, నాటాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఒక్క గింజ నాటితే మూడు కోతలకు ఒక్కొక్కటి చొప్పున మూడు గింజలు వస్తాయి. ఆకలి మాత్రం మూడు కోతలు ఆగదు.

కుటుంబం పెంచుకోవడం లాభమా నష్టమా అన్నది అగ్రికోలాలో నాకు బాగా నచ్చిన లెక్క. కొత్త మనిషికి చోటివ్వాలంటే గది కట్టాలి, చెక్క గదికి అయిదు కలప, రెండు రెల్లు కావాలి. ఆరో రౌండులో బిడ్డ పుడితే ఏడో రౌండు నుంచి పనికి వస్తుంది, అంటే ఆట ముగిసేలోపు ఎనిమిది పనులు అదనంగా దొరుకుతాయి, పైగా ఆ మనిషికి మూడు పాయింట్లు. మిగిలిన అయిదు కోతల్లో ఆ ఒక్కరి తిండి పది బిళ్లలు. ఎనిమిది పనుల్లో మూడు నాలుగింటిని తిండికే కేటాయించినా మిగిలేది లాభమే కనుక అందరూ కుటుంబం పెంచుకునే పని గడి కోసమే పోటీపడతారు. ముందుగా పెరిగిన కుటుంబాన్ని తర్వాత అందుకోవడం కష్టం, వెనకబడినవారికి నియమాలు చేయూతనివ్వవు. వాడకుండా వదిలిన గడికి ఒక పాయింటు, ఒక్క గొర్రె కూడా లేకపోతే మరో పాయింటు తగ్గించే ఈ ఆట ఒక్క పనిలోనే ప్రవీణులైనవారిని మెచ్చుకోదు. ఆ కాఠిన్యం నాకు ఇష్టం, మా ఇంట్లో అందరికీ కాదు.

ఫ్రీడెమాన్ ఫ్రీజె రూపొందించిన పవర్ గ్రిడ్ 2004లో ఇప్పటి రూపానికి వచ్చింది. విద్యుత్ కేంద్రాలను వేలంలో కొంటాం, బొగ్గు, చమురు, చెత్త, యురేనియం బజారులో కొంటాం, నగరాలను తీగలతో కలుపుతూ పోతాం. బజారు పనితీరు చూడడానికి సులువుగా ఉంటుంది. మొదట బొగ్గు ధర 1, చమురు 3, చెత్త 7, యురేనియం 14. ఒక్కో ధర దగ్గర బొగ్గు మూడేసి ముక్కలుంటాయి, ఆ మూడూ అమ్ముడుపోతే తర్వాతివారు ఒక రూపాయి ఎక్కువ పెట్టాలి (ఆటలో దాని పేరు ఎలెక్ట్రో, మా బల్ల దగ్గర అందరూ రూపాయి అనే అంటారు). నలుగురూ బొగ్గు కేంద్రాలే కొంటే బొగ్గు భగ్గుమంటుంది, ఒంటరిగా చెత్త కాల్చేవారు చవకగా బతికిపోతారు. అంటే ఇక్కడ కొరతను సృష్టించేది మనందరి ఎంపికల మొత్తమే, దానిలో ఏ ఒక్కరి మీదా నేరం మోపలేం.

ఎక్కువ నగరాలున్నవారు వేలాన్ని ముందుగా ప్రారంభించాలి, ఇంధనం మాత్రం అందరికంటే చివర కొనాలి, నిర్మాణమూ చివరనే చేయాలి. కటాన్‌లో ముందున్నవారిని మనుషులు శిక్షిస్తే ఇక్కడ నియమమే శిక్షిస్తుంది. దానికి తోడు ఆదాయం కూడా మందగిస్తూ పోతుంది. ఒక్క నగరమూ వెలిగించకపోతే 10, ఒకటి వెలిగిస్తే 22, రెండు వెలిగిస్తే 33 వస్తాయి, పంతొమ్మిది నుంచి ఇరవైకి వెళ్తే 148 కాస్తా 150 అవుతుంది. అందువల్ల ఆరితేరినవారు కావాలనే ఒక నగరం తగ్గించుకుని వెనక నిలబడతారు. నాకు ఈ ఎత్తుగడ తెలివైనదిగా అనిపించినా, నిర్మాణం పేరుతో సాగే ఆటలో నిర్మించకపోవడమే మేలైన ఎత్తు కావడం కొంచెం నిరుత్సాహం కలిగిస్తుంది. చివరి రౌండులో అందరూ కాగితం, పెన్సిలు పట్టుకుని కూడికలు చేసుకుంటుండగా బల్ల దగ్గర మాట వినపడదు, ఆ పావుగంట నేను టీ పెట్టడానికి వాడుకుంటాను.

సరుకు కూడబెట్టుకునే అలవాటు ఈ మూడింటిలో ఏమవుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు ఇంకా స్పష్టమవుతాయి. కటాన్‌లో ఏడు పడినప్పుడు చేతిలో ఏడు సరుకు కార్డుల కంటే ఎక్కువుంటే సగం వదులుకోవాలి, పైగా పాచిక వేసినవారు దొంగ అనే బొమ్మను కదిపి ఎదుటివారి దగ్గర ఒక కార్డు లాక్కుంటారు. అగ్రికోలాలో కలపను ఎంత దాచినా ఎవరూ ముట్టరు, దాన్ని తేవడానికి ఖర్చయిన వంతే అసలు వెల. పవర్ గ్రిడ్‌లో ప్రతి కేంద్రం తన అవసరానికి రెట్టింపు ఇంధనం నిల్వ చేసుకోవచ్చు, ఆ నిల్వతో ఎదుటివారికి ధర పెంచడం న్యాయమైన ఎత్తుగడే.

కొత్తవారికి ఏది ముందు నేర్పాలన్నది వాళ్లు ఏ ఆటలతో పెరిగారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఆడినవారికి పాచిక మాట వినడం అలవాటే కాబట్టి కటాన్ వెంటనే ఒంటపడుతుంది. వామనగుంతల్లో చింతగింజలు లెక్కపెట్టి ఏ గుంత దగ్గర ఆగుతామో ముందే చూసుకునేవారు మాత్రం కటాన్‌లో విసుక్కుని అగ్రికోలాకు త్వరగా అతుక్కుపోవడం మా ఇంటి పెద్దవాళ్లలోనే చూశాను. అయితే అగ్రికోలాలో చేతికిచ్చే వృత్తి కార్డులను మొదటి ఆటలో పక్కన పెట్టేయాలి, వాటిపై ఉన్న రాత చదివించబోతే మొదటి కోత రాకముందే భోజనాల వేళ అవుతుంది. పవర్ గ్రిడ్‌ను కూడికలంటే జంకనివారికే నేర్పుతాను.

ఇక మనుషుల సంఖ్య. కటాన్ అసలు పెట్టె ముగ్గురికి లేక నలుగురికి మాత్రమే. అగ్రికోలా సవరించిన ముద్రణను ఒక్కరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చు, ఇద్దరే ఉన్న సాయంత్రం మేము తీసేది అదే. పవర్ గ్రిడ్ ఇద్దరి నుంచి ఆరుగురి దాకా అంటారు గానీ, ఇద్దరితో వేలంలో పోటీ ఉండదు, బజారులో ధర కదలదు. అయిదుగురు కూర్చున్నప్పుడే దాన్ని అటక మీద నుంచి దించుతాను.