మా కాలనీకి ఒక వార్తల కాగితం: నా అనుభవం

మా కాలనీలో వార్తలకు కొదవ లేదు. అవి చేరాల్సినవాళ్లకు చేరవు, అంతే. వాట్సాప్ గ్రూపు తెరిస్తే శుభోదయాలు, పూల బొమ్మలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఫార్వర్డులు. వాటి మధ్య ఎక్కడో 'రేపు నీళ్లు రావు' అన్న ముక్క ఉంటుంది. చూసినవాళ్లు నీళ్లు పట్టి పెట్టుకుంటారు, చూడనివాళ్లు ఖాళీ బకెట్లతో నిలబడతారు. గ్రూపులోనే లేనివాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు. ముఖ్యంగా వీళ్లను దృష్టిలో పెట్టుకుని నెలకొక వార్తల కాగితం వేద్దామని మొదలుపెట్టాను. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఆ పని ఎలా సాగిందో రాస్తున్నాను.

ముందు ఇంటింటికీ వెళ్లి మాట్లాడాను. 'కాగితంలో ఏం వేస్తే బాగుంటుంది?' అని అడిగితే అందరూ 'మంచి విషయాలు వేయండి' అంటారు, దానితో మనకు ఒరిగేదేమీ లేదు. అందుకని ఒకే ప్రశ్న పట్టుకున్నాను: 'ఈమధ్య మీకు ముందుగా తెలియక ఇబ్బంది పడిన సంగతి ఏదైనా ఉందా?' దీనికి మాత్రం అందరి దగ్గరా జవాబు ఉంది. డ్రైనేజీ కోసం రోడ్డు తవ్వుతారని తెలియక ఒకాయన కారు లోపలే ఇరుక్కుపోయింది. పక్క వీధిలోనే కంటి పరీక్షల శిబిరం పెడితే, అది అయిపోయాక తెలిసినవాళ్లు ఎందరో. ఒకావిడ చెప్పింది మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే: 'మూడిళ్ల అవతల పెద్దాయన పోతే నాకు పది రోజులకు తెలిసింది బాబూ. పలకరించడానికి వెళ్లాలంటే మొహం చెల్లలేదు.' ఈ జవాబులన్నీ రాసుకుంటే కాగితంలో ఏ శీర్షికలు ఉండాలో వాటంతట అవే తేలిపోయాయి: ఈ నెల పనులు, కార్యక్రమాలు, పోయినవి–దొరికినవి, కొత్తగా వచ్చినవాళ్లు, మనల్ని విడిచి వెళ్లినవాళ్లు.

వీధికొక మనిషిని వార్తలకు పెట్టుకున్నాం. ఎక్కువగా మాట్లాడేవాళ్లను తీసుకోవాలని అందరికీ అనిపిస్తుంది. నా అనుభవంలో ఎక్కువగా వినేవాళ్లు ఈ పనికి బాగా పనికొస్తారు. మా రెండో వీధిలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు తెలిసినన్ని సంగతులు కమిటీలో ఎవరికీ తెలియవు. అతను రాసి ఇవ్వలేడు కానీ ఫోన్ చేస్తే తేదీతో సహా చెబుతాడు, తెలియనిది తెలియదంటాడు. అంతకన్నా మంచి విలేకరి ఎక్కడ దొరుకుతాడు?

అసలు కష్టం వార్తను సరిగ్గా రాయడంలో ఉంది. కమిటీ నుంచి వచ్చే నోటీసులు ఇలా ఉండేవి: 'కాలనీ వాసులందరికీ తెలియజేయునది ఏమనగా, పైపులైను మరమ్మతుల దృష్ట్యా నీటి సరఫరాలో అంతరాయం కలుగును. కావున సహకరించగలరు.' చదివితే మర్యాదగానే ఉంటుంది. కానీ ఏ రోజు, ఎన్ని గంటలు, ఏ వీధులకు? అవేవీ లేవు. దాన్ని కాగితంలో ఇలా మార్చాం: '12వ తేదీ బుధవారం ఉదయం 6 నుంచి సాయంత్రం 4 దాకా కుళాయి నీళ్లు రావు. పార్కు వెనక రెండు వీధులకే. మంగళవారం రాత్రే పట్టి పెట్టుకోండి.' కింద ఎవరిని అడగాలో ఒక పేరు. తేదీ పక్కన వారం తప్పకుండా వేస్తాం. రెండూ కలవకపోతే ఎక్కడో పొరపాటు జరిగిందని అచ్చుకు ముందే దొరికిపోతుంది. 'రేపు', 'ఈ ఆదివారం' లాంటివి రాయం. ఎవరు ఏ రోజు చదువుతారో మనకు తెలియదు కదా.

చెప్పినవాళ్ల పేరు మా పుస్తకంలో లేకుండా ఏ వార్తా వేయకూడదని గట్టిగా పెట్టుకున్నాం. పుకార్ల వల్ల ఎంత ఘోరం జరుగుతుందో చూసినవాళ్లం. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న ఫార్వర్డులు నమ్మి మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాతే, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి 5 చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజ్ అయితే ఒకసారికి ఒక చాట్‌కే వెళ్లేలా బిగించింది. కంపెనీ అంత చేసినా, కాలనీలో ఒకరు నోటితో అన్న మాటను ఎవరు ఆపుతారు? ఒకసారి 'నీళ్ల ట్యాంకులో ఏదో కలిసింది' అని గుప్పుమంది. ట్యాంకు చూసుకునే మనిషిని అడిగితే, కడగడానికి ఖాళీ చేశారని తేలింది. ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసి గేటుకు అంటించగానే గొడవ సద్దుమణిగింది.

ఏం వేయకూడదన్న దాని మీదే ఎక్కువ వాదనలు జరిగాయి. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ల పేర్లు వేయమని సెక్రటరీగారు పట్టుబట్టారు.

'పేరు పడితే దెబ్బకి కట్టేస్తారండీ.'

'కడతారేమో సార్. కానీ ఆ ఇంటివాళ్లు మన కాగితం మళ్లీ ముట్టుకోరు. రేపు వాళ్లింట్లో ఎవరికైనా రక్తం కావాల్సి వస్తే ఎవరికి చెప్పుకుంటారు?'

చివరికి పేర్లు మానేసి, ఎంత వసూలైంది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న లెక్క మూడు వరుసల్లో వేశాం. డబ్బు ఎటు పోతోందో కళ్లకు కనబడ్డాక కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టారు. ఎవరు ఊరెళ్లారో వేయం. ఫలానా ఇల్లు తాళం వేసి ఉందని దొంగకు చెప్పినట్టే అవుతుంది. పుట్టినరోజుల్లో తేదీ, నెల మాత్రమే, సంవత్సరం ఉండదు. పిల్లల ఫొటో అయితే తల్లిదండ్రులు సరేనంటేనే. చావు కబురు ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే వేస్తాం. ఈ విషయాల్లో ఎవరేమన్నా నేను తగ్గలేదు, తగ్గను కూడా.

అచ్చు పని గురించి కాస్త చెప్పాలి. ఒక ఎ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. పెంచాలంటే మళ్లీ నాలుగే పెంచాలి. ఐదో పేజీకి సరిపడా మేటర్ ఉందంటే ఏదో తీసేయాల్సిందే. అక్షరం 14 పాయింట్లకు తగ్గనివ్వం. తెలుగులో గుడి పైకి పోతుంది, వత్తు కిందికి దిగుతుంది కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు కన్నా ఎక్కువ కావాలి. అది ఇవ్వకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకి పెద్దవాళ్లకు కళ్లు లాగుతాయి. కొందరు పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి పంపేవారు. నా కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపించేవి. ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోనే టైప్ చేసి పంపమని అందరికీ చెప్పాక ఆ తలనొప్పి పోయింది. ఇక ఫొటోలు జిరాక్స్‌లో నల్లగా ముద్దయిపోతాయి. వాటి బదులు పిల్లలు పెన్నుతో గీసిన బొమ్మలు వేస్తున్నాం, అవి గీత చెదరకుండా వస్తాయి.

అన్ని ఇళ్లకూ కాపీలు వేయడం భారమైనప్పుడు జపాన్‌వాళ్ల పద్ధతి ఒకటి ఆదుకుంది. అక్కడ కైరన్‌బాన్ అని ఉంటుంది. ఇరుగుపొరుగు సంఘం నోటీసులు పెట్టిన అట్ట లేదా ఫైలు ఇంటి నుంచి ఇంటికి తిరుగుతుంది. చదివినవాళ్లు గుర్తు పెట్టి పక్కింటికి ఇస్తారు. మేమూ వీధికొక ఫైలు పెట్టి, లోపల ఇంటి నంబర్ల పట్టిక అంటించాం. చదివి, టిక్ పెట్టి, పక్కింట్లో చేతికివ్వాలి. గేటుకు తగిలించి రావద్దని మరీ మరీ చెప్పాం. ఒక నెల మూడో వీధి ఫైలు మధ్యలో ఆగిపోయింది. తర్వాతి ఇంటివాళ్లు 'మాకింకా రాలేదేమిటి' అని వెళ్లి చూస్తే, పెద్దావిడ జ్వరంతో మంచం దిగలేకుండా ఉంది. కొడుకు వేరే ఊళ్లో, ఆవిడ ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ పక్కింటివాళ్లే. అంతకుముందు వాళ్లకు ఆవిడ పేరు కూడా తెలియదు.

ఇలాంటివి చిన్నవిగా కనిపిస్తాయి కానీ ప్రాణాల దాకా వెళ్తాయి. 1995 జులైలో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా బతుకుతున్న వృద్ధులు. ఆ తర్వాత జరిగిన పరిశీలనలో, పేదరికం ఒకేలా ఉన్న పక్కపక్క పేటల్లో కూడా జనం బయట తిరుగుతూ, ఒకరినొకరు పలకరించుకునే చోట చావులు తక్కువగా ఉన్నట్టు కనిపించింది. అదే ఏడాది జనవరి 17న జపాన్‌లో కోబే భూకంపం వచ్చినప్పుడు శిథిలాల కింద ఉన్నవాళ్లలో ఎక్కువమందిని బయటకు లాగింది ఇంటివాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు. అందుకే ఎవరైనా 'ఈ రోజుల్లో కాగితం ఎందుకండీ' అంటే నేను ఈ రెండూ చెబుతాను.

కార్యక్రమాల విషయంలో ఒక మెళకువ తెలిసింది. 'అందరూ పాల్గొని విజయవంతం చేయండి' అని వేస్తే ఎవరూ రారు. ఎంతసేపు పడుతుంది, ఏం తెచ్చుకోవాలి, పిల్లల్ని తీసుకురావచ్చా అన్నవి వేస్తే వస్తారు. పార్కు శుభ్రం చేయడానికి 'గంటసేపే, 8కి ఆపేస్తాం, చేతి తొడుగులు మేమిస్తాం' అని వేసిన నెల జనం కదిలారు. అన్న మాట ప్రకారం 8కి ఆపేశాం కూడా. మరుసటి నెల వాళ్లే ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చారు. 'నాకు వచ్చు – నాకు కావాలి' అన్న చిన్న పెట్టె కూడా బాగా నడుస్తోంది. ఒకాయన ఫ్యాన్ రిపేర్ చేస్తానన్నారు, ఒకమ్మాయికి లెక్కలు చెప్పేవాళ్లు కావాలి. రిటైరైన మాస్టారు ఒకరు ఆ అమ్మాయికి సాయంత్రాలు లెక్కలు చెబుతున్నారు. మాస్టారింట్లో ఫ్యాన్ ఇప్పుడు చప్పుడు చేయకుండా తిరుగుతోంది.

ఇప్పుడు పేజీలు పెట్టే పని ఒక డిగ్రీ అమ్మాయి చూసుకుంటోంది. ఫోన్ చేసి వార్త నిజమో కాదో అడిగి తెలుసుకునే పని మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. 25వ తేదీ దాటాక వచ్చిన వార్త పై నెలకే. ఎవరు అడిగినా ఇందులో మార్పు లేదు, లేకపోతే కాగితం ఒకటో తేదీకి బయటకు రాదు.

ఒక్క చిక్కు మాత్రం ఇంకా తెగలేదు. ఫైలు ఇంటి ఓనర్ దాకా వెళ్తుంది, పై పోర్షన్లలో అద్దెకున్నవాళ్లకు చేరకుండా అక్కడి నుంచే పక్కింటికి పోతుంది. పట్టికలో పోర్షన్లకు విడివిడిగా గడులు వేసి చూశాం. కొన్ని ఇళ్లలో బాగానే ఉంది, కొన్నిచోట్ల ఓనర్లే అన్ని గడుల్లోనూ టిక్ పెట్టేస్తున్నారు. ఈ నెల నుంచి పై అంతస్తులవాళ్లలోనే ఒకరిని వార్తల మనిషిగా పెట్టి, ఫైలును మెట్ల పై నుంచి కిందికి దింపుదామనుకుంటున్నాం. మీ దగ్గర ఇలాంటిది నడుపుతుంటే, అద్దెకున్నవాళ్లకు ఎలా చేరుస్తున్నారో చెప్పండి.