రొమ్ము సర్జరీ తర్వాత తొందర ఎక్కడ పడకూడదు

బ్రెస్ట్ ఇంప్లాంట్లు పెట్టించుకున్న చాలామందికి 10 రోజుల్లో నొప్పి బాగా తగ్గుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. పైన కుట్టు అతుక్కున్నా లోపల ఇంప్లాంట్ చుట్టూ పొర ఇంకా కట్టుకుంటూనే ఉంటుంది. కండరం కింద పెట్టించుకున్నవాళ్లకైతే చేత్తో దేన్నైనా నెట్టిన ప్రతిసారీ ఛాతీ కండరం బిగిసి ఇంప్లాంట్‌ని కిందికో పక్కకో తోస్తుంది.

నడక మాత్రం మర్నాటి నుంచే మొదలుపెట్టాలి, లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. ఇంట్లోనే రోజుకు నాలుగైదుసార్లు, కొద్ది నిమిషాలు చాలు. రెండో వారం దాటాక కేబీఆర్ పార్కుకి వెళ్లొచ్చు, అదీ ఎండెక్కక ముందు, మెల్లగా. రొమ్ము కింది మడతలో కుట్లున్న చోట చెమట నిలిస్తే చర్మం నాని గాయం మానదు.

ఇక దాంపత్యం. డాక్టర్ని అడగడానికి మొహమాటపడి చాలామంది తోచినట్టు చేసేస్తారు. మొదటి 2 వారాలు ఆగమనేది బీపీ వల్ల. ఉద్రేకంలో గుండె వేగం, బీపీ పెరిగితే లోపలి చిన్న రక్తనాళం మళ్లీ తెరుచుకుని రక్తం చేరొచ్చు. తర్వాత సర్జన్ సరేనంటే, ఆమె వెల్లకిలా దిండ్లకు ఆనుకుని, సపోర్ట్ బ్రా తీయకుండా, భర్త బరువు ఛాతీ మీద పడకుండా చూసుకోవాలి. బోర్లా పడుకోవడం, చేతుల మీద బరువు మోపే భంగిమలు 6 వారాల దాకా వద్దు. రొమ్ములను తాకడం కూడా 4 నుంచి 6 వారాలు పక్కన పెట్టాల్సిందే. ఆ తర్వాత కూడా చనుమొనల దగ్గర కొన్ని నెలలు మొద్దుబారినట్టో, తాకితే జివ్వుమన్నట్టో ఉండొచ్చు. స్పర్శ తెలియని చోట వేడి కాపడం పెడితే కాలినా తెలియదు, జాగ్రత్త. ఆపరేషన్ కోసం గర్భనిరోధక మాత్రలు ఆపించి ఉంటే కండోమ్ మరిచిపోకండి.

ఆశ్చర్యమేమిటంటే, పడకగదికంటే వంటగదే ఎక్కువ దెబ్బతీస్తుంది. 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తడం, అటక మీది డబ్బా దించడం, చపాతీ పిండి గట్టిగా పిసకడం, అన్నీ ఛాతీ కండరం పనులే. మొదటి 2 వారాలు 2 కిలోలకు మించి ఎత్తకండి. చంటిపిల్లలుంటే మీరు కూర్చున్నాక ఇంకొకరు ఒడిలో పెట్టాలి. మన గతుకుల రోడ్ల మీద స్కూటీ 4 వారాల ముందు ఆలోచించొద్దు. పరుగు, ఈత, జిమ్ 6 వారాల తర్వాతే. పుషప్స్, సూర్యనమస్కారాలు అన్నిటికంటే చివర. మీ సర్జన్ ఇంకా ఆగమంటే ఆ మాటే వినాలి.

ఒక పక్క రొమ్ము ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కుట్ల నుంచి చీము కారినా, రాత్రి 2 గంటలకైనా సర్జన్‌కి ఫోన్ చేయాలి. పిక్కలో నొప్పితో వాపు ఉన్నా, ఆయాసం వచ్చినా ఫోన్ కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకే.